డేనిష్ పరీక్షకు వెళ్లిన నా షుగరు

డెన్మార్క్ ప్రభుత్వం పరాయి దేశాల నుంచి వచ్చిన పెద్దవాళ్లకు ఒక భాషా పరీక్ష పెడుతుంది. చదవాలి, రాయాలి, ఆపైన ఇద్దరు మనుషుల ముందు కూర్చుని మాట్లాడాలి. ఆ పరీక్షను నేను రియాద్‌లో, సులైలోని ఏసీ సామాన్ల గోదాములో స్టోర్‌కీపరుగా పనిచేస్తూ, ఒక్కరోజు సెలవు పెట్టకుండా పాసయ్యాను. డెన్మార్క్ గడ్డ మీద కాలు పెట్టలేదు. పుస్తకం తెరవలేదు. మా జగిత్యాల దిక్కు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లలో ఇంత ఘనకార్యం చేసినవాడు ఇంకొకడు ఉంటే తీసుకురండి, వాడి కాళ్లకు మొక్కుతాను.

ఈ మాట ఊళ్లో చాలామందికి చెప్పాను. బస్సులో పక్క సీటువాళ్లకు చెప్పాను. కంటి డాక్టరు నా కంట్లో చుక్కలు వేస్తుంటే ఆయనకూ చెప్పాను. ఎవరూ కాదనలేదు. కాదనడానికి వాళ్లకు డేనిష్ రాదు కదా! అయితే నోటితో చెప్పడం వేరు, కాగితం మీద పెట్టడం వేరు. కాగితం చూస్తే నాకు ఇప్పటికీ కొంచెం భయమే. అందుకని కాస్త తగ్గిస్తాను. పరీక్షకు కూర్చున్నది నేను కాదు, ఒక నర్సమ్మ. కానీ ఆమెకు వచ్చిన మార్కుల్లో నా వాటా ఉంది. ఆ వాటా లెక్క ఏమిటో చివర చెబుతాను. తొందరపడకండి.

అవి సౌదీ సర్కారు కంపెనీలకు రంగులు పూసే రోజులు. సౌదీవాళ్లను ఎంతమందిని పనిలో పెట్టుకున్నారన్నదాన్ని బట్టి కంపెనీకి పచ్చో, పసుపో, ఎరుపో వచ్చేది. మా కంపెనీ పుస్తకాల్లో ఒకే ఒక్క సౌదీ కుర్రవాడు ఉండేవాడు. జీతం రోజున వచ్చి అందరికీ సలాం చెప్పి వెళ్లేవాడు. మంచివాడే. కొన్నాళ్లకు అతను ఇంకెక్కడో మంచి ఉద్యోగం చూసుకున్నాడు, మేము ఎరుపయ్యాం. ఎరుపైతే మా ఇఖామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, మళ్లీ కొత్తవి కావు. ఇఖామా లేనివాడు రోడ్డు మీద పోలీసు బండి కనబడితే దుకాణంలో దూరి అవసరం లేని సబ్బు కొనుక్కోవాల్సిందే. పైగా లెవీలని కొత్త పన్నులు మొదలయ్యాయి. పనివాడి తల మీద ఒకటి, వాడి భార్యాపిల్లల తలల మీద ఇంకొకటి. శుక్రవారం వస్తే చాలు, ఎవరో ఒకరు ఫ్రిజ్ అమ్ముతున్నామనేవాళ్లు, ఇంకెవరో మంచం ఊరికే తీసుకుపొమ్మనేవాళ్లు. ఆ ఏడాది నా గదిలో మూడు ఇస్త్రీపెట్టెలు పోగయ్యాయి. నేను ఒక్క చొక్కా కూడా ఇస్త్రీ చేసుకోను.

మా గోదాములో ఒక ఏసీ మెకానిక్ ఉండేవాడు. గుంటూరు వైపు మనిషి. నెమ్మదస్తుడు, స్క్రూడ్రైవర్ కింద పెట్టినా చప్పుడు కానివ్వడు. అతని భార్య రియాద్‌లోనే ఒక ఆసుపత్రిలో నర్సు. బడికి పోయే ఒక పాప. ఆమె ఇఖామా ఆసుపత్రిది కాబట్టి ఆమెకు ఢోకా లేదు. పాప ఇఖామా మాత్రం తండ్రి ఇఖామాకు తగిలించి ఉంది. తండ్రిది అయిపోతే తండ్రీ పాపా ఖురూజ్ కొట్టించుకుని, అంటే ఇక తిరిగి రాకుండా, ఇంటికి పోవాలి. అప్పుడు ఆమె ఫ్లాటు ఖాళీచేసి ఆసుపత్రి హాస్టల్లో మంచం వెతుక్కోవాలి. దీనికి ఆమె ఒక దారి చూసుకుంది. డెన్మార్క్‌లో ఒక ఆసుపత్రి నర్సులను తీసుకుంటానంది. కాకపోతే వాళ్ల భాషా పరీక్ష పాసవ్వాలి. పాసైతే ముగ్గురూ ఒక ఇంట్లో ఉంటారు. కాకపోతే ఇక్కడొకరు, అక్కడిద్దరు. సంగతి ఇంతే.

ఒకరోజు టీ వేళ ఆ మెకానిక్ నాతో అన్నాడు. "మా ఆవిడ ఏడాది పైనుంచి కంప్యూటర్‌లో డేనిష్ నేర్చుకుంటందండీ బాబాయ్. అక్కడి పెద్దావిడెవరో పాఠాలు చెబుద్ది. కానీ ఇంట్లో మాట్లాడి చూసుకోటానికి మనిషే లేడు. నాకేమో ఒక్క ముక్క రాదాయె."

నోరు ఊరుకుంటుందా! "డేనిషా? నాకు మంచినీళ్ల ప్రాయం," అన్నాను.

పక్కన మా వ్యాన్ డ్రైవర్ టీలో రొట్టె ముంచుకుంటున్నాడు. హైదరాబాదు పాతబస్తీ మనిషి. నన్ను చాచా అంటాడు, గౌరవం మాత్రం ఆ పిలుపుతోనే అయిపోతుంది.

"అరె చాచా, ఖర్జ్ దిక్కు డెయిరీల ఆవుల పేడ ఎత్తినవ్ గదా. డేనిష్ ఎప్పుడు నేర్చినవ్?"

"ఆ ఆవులు డెన్మార్క్‌వేరా. వాటి భాషల చెప్తేనే పాలిస్తయ్."

"మరి పేడ ఏ భాషల వేస్తుండె?"

మెకానిక్ నవ్వలేదు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "బాబాయ్, ఈ శుక్రవారం మా ఇంట్లో భోంచేయండి. కోడిపులుసు, గోంగూర. మా ఆవిడతో కాసేపు మాట్లాడండి చాలు."

గోంగూర అనకుండా ఉంటే నేను అక్కడే నిజం చెప్పేవాణ్నేమో. అన్నాడు.

డెన్మార్క్‌తో నాకు అసలు సంబంధమే లేదని అనుకోకండి. సులైకి రాకముందు నేను నిజంగానే ఖర్జ్ దగ్గర ఒక డెయిరీలో పనిచేశాను. మా షెడ్డుకు పెద్ద ఒక డెన్మార్క్ మనిషి. తాటిచెట్టంత పొడుగు, ఎండకు టమాటాలా ఎర్రబడిన ముఖం. ఒక ఎండాకాలం పాలు తగ్గిపోయాయి. అందరినీ వరసలో నిలబెట్టి, ఎందుకు తగ్గాయో మీరేమనుకుంటున్నారని ఇంగ్లీషులో అడిగాడు. మేమంతా "మీరెట్లా అంటే అట్లా సార్" అన్నాం. ఆయన టోపీ తీసి నేలకేసి కొట్టాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ "ఎస్ సార్." టోపీ మళ్లీ నేల మీదికి. అప్పుడు నేను ఒక అడుగు ముందుకేసి, ఆయన కళ్లలోకి చూసి, "తప్పు నీదే సార్. నీళ్లు చల్లే ఫ్యాన్లు నువ్వు పెట్టించిన చోట పెట్టకూడదు. ఆవులు బురదలో నిలబడుతున్నాయి" అన్నాను. ఆయన వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ రోజు నుంచి ఆ షెడ్డులో నా మాటే మాట.

శుక్రవారం డ్రైవర్ నన్ను వ్యానులో తీసుకెళ్లాడు. తనకూ భోజనం ఉంటుందని వాడి ఆశ. చిన్న ఫ్లాటు, గుమ్మం దగ్గర పాప సైకిలు. నర్సమ్మ చీర కొంగు సర్దుకుని వచ్చి, చేతులు జోడించి, గుక్క తిప్పుకోకుండా డేనిష్‌లో మాట్లాడింది. ఎంతసేపో! ఆ భాష వింటే గొంతులో అన్నం మెతుకు అడ్డుపడ్డవాడు పాట పాడినట్టుంటుంది. ఆమె ఆగింది. అందరూ నా వైపు చూశారు.

నా దగ్గరున్న డేనిష్ సరుకంతా బయటికి తీశాను. శుభోదయం అన్నాను. అప్పటికి మధ్యాహ్నం నమాజు కూడా అయిపోయింది. థాంక్స్ చెప్పాను. ఆవుల్ని పాలు పిండే చోటికి తోలేటప్పుడు మా పెద్ద వేసే కేక ఒకటుంది, అది కూడా వేశాను. ఇక సరుకు లేదు.

నర్సమ్మ ముఖంలో ఒక్క గీత కదల్లేదు. "ఎంత బాగా మాట్లాడారండీ బాబాయ్ గారూ!" అంది.

డ్రైవర్ గోడకు ఆనుకుని కడుపు పట్టుకున్నాడు. మెకానిక్ తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. ఆమె నన్ను బాబాయ్ అంది కాబట్టి అతనికి నేను వరస మారి మామనయ్యాను. "చూశారా మావయ్యా? ఇదే దీని రోగం. మీకు ఒక్క ముక్క రాదని దానికి తెలిసిపోయింది. అయినా అనదు."

"పెద్దాయన్ని పట్టుకుని అట్లా ఎలా అంటామండీ," అంది ఆమె నెమ్మదిగా.

అప్పుడు బయటపడింది అసలు గొడవ. ఆమె చదవడంలో బాగుంది, రాయడంలో బాగుంది. మాటల దగ్గరే బండి ఆగుతోంది. ఆ పరీక్షలో నువ్వు ఒక విషయం మీద మాట్లాడాలి. ఎదురుగా కూర్చున్న మనిషి కావాలని అడ్డం వాదిస్తాడు. నువ్వు తిరిగి వాదించాలి. పక్కన ఇంకొకరు నోరు మెదపకుండా కూర్చుని ఇదంతా తూకం వేస్తారు. మన నర్సమ్మ ఏం చేస్తుందంటే, ఎదుటి మనిషి ఏమంటే దానికి "అవునండీ" అంటుంది. పాఠం చెప్పే పెద్దావిడ ఒకరోజు, "పిల్లల్ని వేరే గదిలోనే పడుకోబెట్టాలి" అందట. ఈమె అవునంది. కాసేపాగి, "పిల్లల్ని తల్లి పక్కనే పడుకోబెట్టాలి" అందట. దానికీ అవునంది. చివరికి ఆవిడ, తమ దేశంలో చలికాలంలో కూడా పసిపిల్లల్ని బండిలో వేసి ఆరుబయట నిద్రపుచ్చుతామనీ, మీరూ అలాగే చేయాలనీ అంది.

"నాకు మా పాప గుర్తొచ్చిందండీ," అంది నర్సమ్మ. "పసిగుడ్డుని చలిలో పెట్టటమేంటని అరవాలనిపించింది. కానీ ఆవిడ తల నెరిసిన మనిషి. పైగా పంతులమ్మ. చాలా మంచి పద్ధతండీ అనేశాను."

పంతులమ్మ విసిగి చెప్పిందట. పరీక్షలో ఇట్లా ఒప్పుకుంటూ పోతే నీకు మార్కు వేయడానికి వాళ్ల చేతిలో ఏమీ ఉండదు, ఫెయిలవుతావు అని. ఆ దేశం మార్కులు కూడా విచిత్రం. అన్నిటికంటే పెద్ద మార్కు పన్నెండు. పాసవడానికి రెండు చాలు. సున్నా కంటే కింద మైనస్ మూడు అని ఒకటుంది.

"మైనస్ మూడు వస్తే మనమే వాళ్లకు కట్టాలె కావచ్చు, లెవీ లెక్క," అన్నాడు డ్రైవర్.

నాకు డెయిరీలో నేలకేసి కొట్టిన టోపీ గుర్తొచ్చింది. ఆ జాతి ఎస్ సార్‌కు లొంగదు. "బిడ్డా," అన్నాను, "నాకు డేనిష్ రాదు. ఒప్పుకుంటున్న. కానీ అబద్ధాలు వస్తయ్. వారానికోసారి వచ్చి అబద్ధాలు చెప్త. నువ్వు తప్పు అనాలె. ముందుగాల తెలుగుల అను, తర్వాత వాళ్ల భాషల అను. కాదనకుండ ఊకున్నవనుకో, ఒక్కో అబద్ధానికి నా కంచంల ఒక ముక్క వెయ్యాలె."

ఈ షరతు విని మెకానిక్ సరేనన్నాడు. పాపం, అతనికి నా సంగతి తెలియదు.

మొదలుపెట్టాను. ఉనైజాలో ఖర్జూరం చెట్టు ఎక్కితే అది ఎంత ఎత్తుందంటే, నేను ఎక్కేటప్పుడు పచ్చిగా ఉన్న కాయలు దిగేసరికి పండాయన్నాను. "అవునా అండీ!" అంది. ఒక ముక్క. నజ్రాన్‌లో ఒక మేక నాకు దారి చూపించి ఇంటిదాకా దిగబెట్టిందన్నాను. "మేకలకి తెలివెక్కువండీ బాబాయ్ గారూ," అంది. ఇంకో ముక్క. మా ఊరి నుంచి నేను దుబాయ్ మీదుగా సైకిలు మీద వచ్చానన్నాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "అప్పట్లో ఓపికలు అట్లా ఉండేవండీ," అంది.

"సముద్రం!" అని అరిచాడు డ్రైవర్. "నడుమ సముద్రం ఉంటది కదమ్మా!"

"పెద్దాయన ఏదో దారి చూసుకునుంటారులే అన్నా."

మూడు శుక్రవారాలు ఇదే వరస. నేను ఒళ్లు చేశాను. మెకానిక్ పులుసులో వేలు పెట్టి ముక్క కోసం దేవుకోవడం చూస్తే జాలేసేది. అతని ఇఖామా గడువు దగ్గరపడుతోంది. పరీక్ష కోసం ఆమె డెన్మార్క్ వెళ్లడానికి వీసా వచ్చింది. ఆమెకు "తప్పు" అన్న మాట మాత్రం రాలేదు.

నాలుగో శుక్రవారం భోజనమయ్యాక చెయ్యి కడుక్కోవడానికి లేచాను. బాత్రూం చెప్పులు తొడుక్కుని వెళ్లి, ఒక్క చెప్పుతో తిరిగొచ్చాను. రెండోది దారిలో ఎక్కడో జారిపోయింది. డ్రైవర్ దాన్ని రెండు వేళ్లతో పట్టుకొచ్చి, "చాచా, నీ ఇంకో కాలు ఇంటికి పోయినట్టుంది," అన్నాడు. అందరం నవ్వాం. నర్సమ్మ నవ్విందో లేదో చూడలేదు, ఎందుకంటే ఆమె అప్పుడే గులాబ్ జామ్ గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది. మెకానిక్ అన్నాడు. "మావయ్యకి వద్దులే, షుగరుంది కదా."

షుగరుంది. ఎప్పటినుంచో ఉంది. కానీ ఆ జామ్‌లు పాకంలో మునిగి గోధుమ రంగులో మెరుస్తున్నాయి. అప్పుడు నేను ముందుగా ఆలోచించి పెట్టుకున్న ఎత్తు వేశాను. సరే, ఎత్తేమీ లేదు, నాకు జామ్ కావాలి. "షుగరా? ఎప్పుడో పోయింది," అన్నాను. "మాత్రలు బంద్ పెట్టిన. ఎడారిల ఒక బద్దూ నాకు ఒంటెపాలు తాగుమని చెప్పిండు. తాగిన. షుగర్ సాఫ్. ఆ గిన్నె ఇటు తే బిడ్డా."

"తప్పు!"

మొదట ఎవరన్నారో నాకు తెలియలేదు. ఆ ఇంట్లో అంత పెద్ద గొంతు నేను ఎప్పుడూ వినలేదు. నర్సమ్మ గిన్నె లాగేసుకుని ఛాతీకి ఆనించుకుంది.

"తప్పు బాబాయ్ గారూ! ఏం మాట్లాడుతున్నారు మీరు? బుద్ధుండే మాట్లాడుతున్నారా? మాత్రలు ఎవరు మానెయ్యమన్నారు? ఆ ఒంటెలు తోలేవాడు మీ డాక్టరా? రేపు కాలికి పుండు పడితే వాడొచ్చి కడతాడా? ఎన్ని కాళ్లు తీసేయటం చూశానో తెలుసా మీకు?"

పాప సైకిలు దిగి వచ్చి నిలబడింది. మెకానిక్ లేచి నిలబడ్డాడు. ఆమె ముఖమంతా ఎర్రబడింది. తను ఏం చేసిందో అప్పుడు తెలిసొచ్చినట్టుంది, గిన్నె కింద పెట్టి చేతులు జోడించింది. "క్షమించండి బాబాయ్ గారూ, పెద్దవాళ్లని…"

"క్షమాపణ గిమాపణ వద్దు," అన్నాను. "గదే మల్ల అను. వాళ్ల భాషల అను."

ఆమె భర్త వైపు చూసింది. అతను తలూపాడు. అన్నది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ, తిట్టు ఏ భాషలోనైనా తగలాల్సిన చోటే తగులుతుంది. మధ్యలో వేలు చూపించింది, నా కాలు చూపించింది, గిన్నె చూపించింది. ఒక్కసారి కూడా తడుముకోలేదు. డ్రైవర్ "మాషాల్లా" అని లేచి గిన్నెలోంచి నా వాటా జామ్‌లు కూడా తినేశాడు.

దారి దొరికింది. మేకలనీ సైకిళ్లనీ వదిలేశాను. కాలిన చోట టూత్‌పేస్ట్ రాయాలన్నాను. పసిబిడ్డకు తేనె నాకించాలన్నాను. జ్వరానికి రెండు ఇంజెక్షన్లు వేయని డాక్టరు డాక్టరే కాదన్నాను. నేను తెలుగులో అనేవాణ్ని, ఆమె డేనిష్‌లో విరుచుకుపడేది. రోగి అనేవాడు ఎదురుగా ఉంటే ఆమెకు చిన్నా పెద్దా ఉండదని తేలింది. పరీక్షలో మాట్లాడటానికి విషయం కూడా దీంట్లోనే ఎంచుకుంది, మందులు మానేసే ముసలివాళ్ల గురించి. ప్రాక్టీసుకు పనికొస్తుందని ప్రతి శుక్రవారం నా వేలు గుచ్చి షుగరు చూసి, ఆ అంకె మీద డేనిష్‌లో నన్ను కడిగేసేది. నేను నాటకంలో రోగి వేషం కట్టినట్టు కూర్చునేవాణ్ని. నిజానికి మాత్రలు రోజూ వేసుకుంటూనే ఉన్నాను. ఆ అబద్ధం ఆమె కోసం.

అయితే ఎదురు చెప్పడం నేర్చిన మనిషి ఎక్కడ ఆపాలో మనం చెప్పలేం. ఒక శుక్రవారం డెయిరీ కథ మళ్లీ చెప్పాను. ఫ్యాన్లు, బురద, నేను వేసిన అడుగు, ఆయన ఊపిన చెయ్యి. నర్సమ్మ గరిటె పట్టుకుని విన్నది.

"బాబాయ్ గారూ, ఆ మాట అన్నది మీరేనా?"

"నేనే. ఇంకెవరు?"

"డేనిష్ రాదని ఒప్పుకుని నన్ను తప్పు అనమన్న రోజు, మీ గొంతు ఇట్లా లేదండీ. ఇది చెప్పేటప్పుడు ప్రతిసారీ కొంచెం పెద్దదవుద్ది. అన్నది మీరు కాదు."

మా డ్రైవర్ కూడా నవ్వలేదు. నేను లేచి చెప్పులు వేసుకుని కిందికి దిగి వ్యానులో కూర్చున్నాను.

తర్వాతి శుక్రవారం వెళ్లలేదు. తలనొప్పి అన్నాను. ఆ తర్వాతదీ అంతే. గదిలో మూడు ఇస్త్రీపెట్టెల మధ్య కూర్చుని ఖుబ్జ్ రొట్టె నీళ్లలో ముంచుకు తిన్నాను. మెకానిక్ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. "మావయ్యా, పరీక్ష ఇంకెంతో లేదు. నాకు ఖురూజ్ కాగితం కూడా వచ్చేసింది. మీరు అలిగితే ఎట్లా? అది రెండు రోజుల నుంచి సరిగా తినట్లేదు."

అతని వెనక నుంచి డ్రైవర్ తల పెట్టాడు. "చాచా, ఆమెకు ఎదురు చెప్పుడొచ్చింది. నీకు మాట పడుడు రాలే. గంతే."

అప్పుడు చెప్పాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను. ఆ రోజు డెయిరీలో అడుగు ముందుకేసింది నేను కాదు. నా ముందు వరసలో నిలబడ్డ సూడాన్ మనిషి. ఆ డెన్మార్క్ ఆయన ఊపిన చెయ్యి అతనిదే. నేను అతని వీపు వెనక "ఎస్ సార్" అని, అందరికంటే గట్టిగా అన్నాను. డ్రైవర్ నా భుజం తట్టి, "నాకు మొదట్నుంచి ఎర్కే," అని వ్యాను తాళం తిప్పాడు. ఆ శుక్రవారం నర్సమ్మ ఏమీ అడగలేదు. నా కంచంలో ముక్కలు వేసింది. ఆపైన వేలు గుచ్చింది.

ఆమె డెన్మార్క్ వెళ్లింది. చదివే పరీక్ష, రాసే పరీక్ష అయ్యాయి. మాట్లాడే పరీక్ష రోజున మేము గోదాములో పని చేస్తున్నట్టు నటించాం. మెకానిక్ ఒకే ఫిల్టరును పొద్దుటి నుంచి తుడుస్తున్నాడు. ఇంట్లో సూట్‌కేసులు సగం సర్ది ఉన్నాయి. అతనివీ పాపవీ ఒక పక్క, ఆమెవి ఇంకో పక్క.

ఫోను మోగింది. మెకానిక్ దాన్ని ఏసీ డబ్బా మీద పెట్టి స్పీకర్ నొక్కాడు.

"నాలుగు వచ్చిందండీ," అంది ఆమె.

"నాలుగా!" డ్రైవర్ నెత్తి కొట్టుకున్నాడు. "పన్నెండుకు నాలుగా! యా అల్లా!"

మెకానిక్ మాత్రం నేల మీద కూర్చుని, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, "రెండుంటే చాలన్నా, రెండే చాలు," అని మళ్లీ మళ్లీ అన్నాడు.

నేను ఫోను దగ్గరికి వంగాను. "ఎట్లయింది బిడ్డా?"

"ఎదురుగా ఉన్నాయన, ముసలివాళ్లు మందులు వేసుకుంటారో మానేస్తారో అది వాళ్ల ఇష్టం, నర్సుకేం పని అన్నాడండీ. నాకు మీరు కనబడ్డారు. తప్పు అన్నాను. రియాద్‌లో మా బాబాయ్ గారొకరున్నారు, ఎవరో ఒంటెల మనిషి చెప్పాడని మాత్రలు మానేసి గులాబ్ జామ్ అడిగారు, ఆయన ఇష్టానికి వదిలేస్తే ఆయన కాలు ఎవరిష్టం అని అడిగాను. పక్కన మార్కులు వేసే ఆవిడ మాట్లాడకూడదు కదా, ఆవిడ నవ్వేసింది."

అంటే ఏమిటి? ఒక ప్రభుత్వ పరీక్ష గదిలో, డేనిష్ భాషలో, నా జీవితచరిత్ర వినిపించారు. ఇప్పుడు మీకు మొదట బాకీపడ్డ లెక్క. వచ్చినవి నాలుగు. అందులో సరుకు నాది, నోరు ఆమెది. సగం సగం. సగమంటే రెండు. రెండు వస్తే పాస్. కాబట్టి నేనూ పాస్. తప్పుంటే చెప్పండి.

సూట్‌కేసులు మళ్లీ విప్పి, ముగ్గురివీ కలిపి సర్దారు. మెకానిక్, పాప ముందు ఇంటికి వెళ్లి, వీసాలు వచ్చాక అటునుంచే ఆమె దగ్గరికి చేరారు. కొన్ని నెలలకు నేనూ ఖురూజ్ కొట్టించుకున్నాను. ఇస్త్రీపెట్టెలు మూడూ డ్రైవర్‌కు ఇచ్చేశాను. వాడూ ఇస్త్రీ చేసుకోడు.

ఇదంతా రాశాక, అచ్చుకు ఇచ్చేముందు ఆమెకు వినిపించాలనిపించింది. నిన్న వీడియో కాల్‌లో మొదటి నుంచి చివరిదాకా చదివాను. అక్కడ పొద్దున. ఆమె డ్యూటీకి తయారై కోటు వేసుకుని కూర్చుంది. మెకానిక్ వెనక నుంచి సైకిలు దగ్గరా, పులుసు దగ్గరా నవ్వాడు. ఆమె నవ్వలేదు. చదవడం అయ్యాక కళ్లద్దాలు తీశాను.

"ఎట్లుంది బిడ్డా?"

"తప్పండీ బాబాయ్ గారూ."

"యాడ?"

"చాలా చోట్ల. నాలుగులో మీకు సగం లేదు, పావు కూడా లేదు. నాలుగూ నావే. సైకిలూ మేకా మీ ఇష్టం, ఉంచుకోండి. కానీ మాత్రలు మానేశానన్నది నా కోసం ఆడిన అబద్ధమని రాశారే, అది కొట్టేయండి. ఆ రోజు మీరు ఆడింది అబద్ధం కాదు. మీరు నిజంగానే మానేశారు. చెప్పు కాలి నుంచి జారిపోతే మీకు తెలియలేదు, షుగరు ముదిరితే కాలికి స్పర్శ పోద్ది. మీరు నవ్వారు, నేను మీ కాలు చూశాను. నేను అరిచింది పరీక్ష కోసం కాదు. వారం వారం వేలు గుచ్చింది ప్రాక్టీసు కోసం కాదు. మీకు చెబితే అలిగి రావటం మానేస్తారని ప్రాక్టీసన్నాను. ఇవాళ మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్న బిడ్డా. పొద్దుగాల్నే."

"అబద్ధం," అంది.